మాడుపాల ఇంటి పేరు

జెనీవాకు ఎగువన మా గడియారాల లోయలో, ఏ వీధిలోనైనా నిలబడి "గిన్యార్!" అని కేకేస్తే సగం మంది తిరిగి చూస్తారు. అందుకని ఎవరినీ ఇంటిపేరుతో పిలవం. సరస్సు ఒడ్డున ఉన్న గిన్యార్లు చేపలవాళ్ళు. చర్చి వెనకవాళ్ళు గంటవాళ్ళు. మార్సెలీన్ వాళ్ళు మాడుపాలవాళ్ళు. వాళ్ళ తాత చీజ్ కేంద్రంలో పనిచేసేవాడు. ఒకరోజు ఊరందరి పాలూ రాగి కాగులో పొయ్యి మీదుండగా, పైసంపాదన కోసం చేసే గడియారం చక్రాన్ని జేబులోంచి తీసి చిన్న ఆకురాయితో రుద్దుతూ కూర్చున్నాడు. పాలు మాడిపోయాయి. పేరు నిలిచిపోయింది.

మార్సెలీన్ ఆ పేరును పట్టించుకోలేదు. తమ్ముడు అర్మాన్ మాత్రం బడిలో ఆ మాట అన్నవాళ్ళ ముక్కులు పగలగొట్టి వచ్చేవాడు. పెద్దయ్యాక, బ్యాటరీ గడియారాలొచ్చి లోయలో ఫ్యాక్టరీలు మూతపడుతుంటే అతను సొంత వర్క్‌షాపు తెరిచాడు. అటూ ఇటూ ఊగే చక్రాలు రెండు పక్కపక్కనే ఆడుతూ ఒకదాని తప్పును మరొకటి దిద్దే చేతిగడియారం చేశాడు. డయలు మీద 'అర్మాన్ గిన్యార్' అని ఉండాలన్నాడు.

ఆ పేరు అచ్చువేసింది మార్సెలీన్. చెక్కిన పలక మీద సిరా పూసి, తుడిచి, గీతల్లో మిగిలినదాన్ని మెత్తటి జిలాటిన్ ముద్దతో ఎత్తి డయలు మీద నొక్కాలి. చెయ్యి వణికితే అక్షరం చెదురుతుంది. చెదిరినవాటిని తమ్ముడి కంట పడకుండా తనే పారేసేది. పెళ్ళి మాటెత్తినవాళ్ళతో "ఇంటిపేరు మార్చుకోవడం నాకిష్టం లేదు" అని నవ్వేది.

పేరు జపాన్ దాకా పాకింది. అప్పుడు అర్మాన్ వర్క్‌షాపును జెనీవా కంపెనీ ఒకదానికి అమ్మేశాడు. ఆ సంగతి ఆదివారం భోజనాల దగ్గర, సాసేజీ కోస్తూ చెప్పాడు.

"పేరు కూడానా?" అంది మార్సెలీన్.

"పేరుదేముందక్కా! సగం ఊరికి ఉన్నదేగా. ఎవడు పట్టుకుపోతాడు?"

"సగం ఊరికి ఉన్న పేరును వాళ్ళెందుకు కొంటార్రా, బుద్ధిలేనివాడా?"

అమ్మాక కూడా అక్కడే పనిచేస్తున్న అర్మాన్‌ను రెండో ఏడు కంపెనీ ఇంటికి పంపేసింది. మార్సెలీన్ పనిలోనే ఉంది. ఒక ఉదయం ఆమె బల్ల మీదికి కొత్తరకం డయళ్ళు వచ్చాయి. వాటికి బిగించబోయే యంత్రాన్ని చూసింది. ఊగే చక్రం ఒక్కటే. ఎక్కడో టోకున కొన్న సరుకు.

మేనేజరును పిలిచింది. "ఇందులో మా తమ్ముడి చెయ్యి ఎక్కడుంది?"

"మదాం, పేరు కంపెనీది. మీరు అచ్చువెయ్యండి చాలు."

"నాదీ గిన్యారే. నన్నూ కొన్నారా?"

అతను నవ్వాడు. మార్సెలీన్ సిరా ఎత్తిన ముద్దను అతని తెల్లచొక్కా మీద నొక్కింది. పేరు జేబు పైన చక్కగా పడింది. ఆప్రాన్ విప్పి బల్ల మీద పెట్టి వచ్చేసింది.

తర్వాత అక్కాతమ్ముళ్ళు పాత పశువుల కొట్టంలో బల్లలు వేసుకున్నారు. అర్మాన్ ఇంకో గడియారం చేశాడు, మొదటిదానికంటే పలచనిది. ఇది తెలిసి కంపెనీ వకీలు వచ్చాడు. వాళ్ళు చేసే ఏ గడియారం మీదా గిన్యార్ అన్న మాట పడకూడదన్నాడు. అతను వెళ్ళాక అర్మాన్ కొట్టం తలుపు మూశాడు.

"ఏదో కొండ పేరు పెడదాం," అన్నాడు అర్మాన్. "లేదా ఖాళీగా వదిలేద్దాం."

"అమ్ముకున్నది నువ్వు, ఖాళీ నా డయలుకా?"

మార్సెలీన్ పక్క ఊరికి వెళ్ళి పలక చెక్కించుకొచ్చింది. ఎవరికీ చూపించలేదు. ఒక్కటంటే ఒక్క డయలు అచ్చువేసి తమ్ముడి ముందు పెట్టింది. అర్మాన్ కంటికి భూతద్దం పెట్టుకుని చూశాడు. 'మాడుపాలు.' మెడ దాకా ఎర్రబడ్డాడు.

"ఊరంతా నవ్వుతుంది. తుడిచెయ్!"

"ఆరిపోయింది."

"చిన్నప్పుడు ఈ మాటకి ఎంతమందిని కొట్టానో తెలుసా నీకు?"

"తెలుసు. చొక్కాల మీద నెత్తురు ఉతికింది నేనేగా. నీ దగ్గర ఎవడూ కొనని పేరు ఇదొక్కటే మిగిలింది. దీన్నీ అమ్ముకుంటావేమో, నాకు తెలీదు."

అర్మాన్ డయలును వెలుతురుకు తిప్పాడు. ఒక్క అక్షరం చెదరలేదు.

"అక్కా..."

"మాట్లాడకు. నా కోపం ఇంకా పోలేదు. ముళ్ళు బిగించు."

అతను పట్టకారు అందుకున్నాడు.