ఒక ఫోనుకు ఒక్క రోగి

నారాయణఖేడ్‌లోని ఓ చిన్న దవాఖానకు పేర్లు నమోదు చేసే వెబ్‌సైటును మా బిడ్డ రాసింది. కంగ్టి నుంచి వచ్చిన ఒక గర్భిణిని అది తిప్పి పంపింది. ఆమె ఇచ్చిన ఫోను నంబరు మీద అత్త పేరు అప్పటికే ఉందట. నాకు ఒళ్లు మండింది.

"రూళ్లు పనిచేస్తున్నయా లేదా అని చూసే టెస్టులన్ని పాసైనయి బాపూ. మొన్ననే వాటిని చదువుటానికి సులువు చేసిన, ఒక్కో రూలుకు ఒక్క లైను," అంది.

చదవమన్నాను.

"ఒకే నంబరుతోని రెండో మనిషి వస్తే తీసుకోవద్దు."

"అంటే ఆమెను ఎల్లగొట్టుడు సక్కగ జరుగుతుందా అని చూసినవు. గీడ ఇంటికి ఒక్కటే ఫోనుంటదని నీకు తెల్వదా?"

"దవాఖానోళ్లు గట్లనే రాయమన్నరు."

"ఎందుకని అడిగినవా?"

బిడ్డ కీబోర్డు దగ్గరికి లాక్కుంది. ముందు ఆ టెస్టును, తర్వాత రూలును మార్చింది. గర్భిణి మాత్రం మళ్లీ బస్సెక్కి రావాలి. ఆ పూట నేను బిడ్డతో కలిసి అన్నం తినలేదు.