అయిదు గదుల పూచీ

మా పక్క గదిలో ఉండే ఆవిడ సోమవారం ఉదయం హాజరుకి రాలేదు. మా కూలీల మీద పెత్తనం చేసే మేస్త్రీ ఆమె పేరు పిలిచాడు. మళ్లీ పిలిచాడు. ఆ తర్వాత పిలవడం మానేసి మా వైపు చూశాడు. ఆవిడ ఎక్కడుందో నాకు తెలుసు.

మలాయి దేశంలో ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్న ఊరిని అప్పట్లో తెలుక్ ఆన్సన్ అనేవారు. అక్కడికి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉన్న రబ్బరు తోటలో నేనూ మా ఆయనా పాలు గీసేవాళ్లం. నాకు మొదటి కాన్పు దగ్గరపడుతోంది. కూలీ లైనులో మా వరసకి అయిదు గదులు. అయిదింటా ఉన్నది విశాఖపట్నం జిల్లా నుంచి వచ్చినవాళ్లే, క్రైస్తవులం మాత్రం మేమొక్కళ్లమే. మా అత్తకి చదువు రాదు. అయినా తోటలో ఎవరికి జబ్బు చేసినా వెళ్లి ప్రార్థన చేసేది.

పక్క గది ఆవిడ భర్త జ్వరంతో చనిపోయాడు. ఏడాది తిరక్కుండానే మేస్త్రీ ఆమెను తన ఇంటికి వచ్చి ఉండమన్నాడు. రానంటే ఈడ్చుకుపోతానన్నాడు. దాంతో ఆదివారం బజారుకి వెళ్తున్నట్టు నేనూ అత్తా ఆమెను ఊళ్లోకి తీసుకెళ్లి జపాన్ మామ్మ దగ్గర దాచి వచ్చాం. మగవాళ్లకి ఈ సంగతి చెప్పలేదు.

జపాన్ మామ్మకి బజారు చివర మాత్రల కొట్టు ఉండేది. ఆడవాళ్ల బాధలేవైనా ఆమెకే చెప్పుకునేవాళ్లం. చిన్నతనంలోనే ఎవరో ఆమెను ఈ దేశం తెచ్చి అమ్మేశారని అందరూ అనుకునేవారు. ఆమె చెప్పలేదు, మేం అడగలేదు. మా మధ్య మాటలన్నీ బజార్లో అందరూ మాట్లాడే మలాయి భాషలోనే.

హాజరు దగ్గర మేస్త్రీ గట్టిగా అరిచి చెప్పాడు. "ఇనండి. ఒక గదిలోది పారిపోతే మిగతా గదులోల్లందరూ పూచీ. అది దొరికేదాకా మీకు తోట బియ్యం నేవు. ఈ వారంలో ఒప్పసెప్పకపోతే అందర్నీ బయటికి గెంటేస్తాను."

ఆ రోజు నుంచి మా వరసలో కర్రపెండలమే తిండి. చివరి గదిలో చిన్నపిల్లలు ఎక్కువ. వాళ్ల ఏడుపు గోడల మీదుగా మా దాకా వినిపించేది. నాకు ఆ ఏడుపు కన్నా, అది ఆగినప్పుడే ఎక్కువ భయం వేసేది.

వారం మధ్యలో నాకు మాత్రలు కావాలనే వంకతో మళ్లీ ఊళ్లోకి వెళ్లాం. అత్త జరిగింది చెబుతుంటే మామ్మ పొడి మందు పొట్లాలు కడుతోంది. పూచీ అన్న మాట దగ్గర ఆమె చేతులు ఆగిపోయాయి.

"అయిదిళ్లా?" అంది. "మా అమ్మమ్మ ఊళ్లోనూ అయిదిళ్లే."

కొట్టు తలుపు ఓరగా వేసి వచ్చి చెప్పింది.

"మాది ఒక దీవి. అది నడుముకి కత్తులు కట్టిన దొరల కాలం. అయిదేసి ఇళ్లని కలిపి ఒక కట్టుగా కట్టేవారు. ఒక ఇల్లు పన్ను బియ్యం కొలవలేకపోతే మిగతా నాలుగూ కొలవాలి. ఒకరు తప్పు చేస్తే అందరికీ శిక్ష. యేసుని కొలిచేవాళ్లుంటే చెప్పాలి. దాస్తే వాళ్లతో పాటు మనమూ పోతాం."

మా అత్త నోరు తెరిచింది. "యేసు పెబువా? మీ దేశంలోనా?"

"ఉండేవారు. దొరలు నిషేధించారు. ప్రతి ఇల్లూ బుద్ధుడి గుడిలో పేరు రాయించుకోవాలి. వీళ్లు క్రైస్తవులు కారని ఆ గుడి పూజారి చెబితేనే పెళ్లి, పొరుగూరి ప్రయాణం, చివరికి చావు కర్మ కూడా. మావాళ్లు పైకి అక్కడ దండం పెట్టి, ఇంట్లో గొంతు పైకి రాకుండా ప్రార్థన చేసుకునేవారు."

"ఎవులికీ తెలీనేదా?"

"తెలుసుకోవడానికే ఏటా కొత్త సంవత్సరంలో అధికారి వచ్చేవాడు. నేల మీద ఇత్తడి రేకు పెట్టేవారు. దాని మీద మీ దేవుడి బొమ్మో, ఆయన తల్లి బొమ్మో ఉంటుంది. ఒక్కొక్కరూ వట్టి కాళ్లతో దాన్ని తొక్కాలి. మంచం పట్టినవాళ్ల దగ్గరికి రేకునే మోసుకెళ్లేవారు. మా అమ్మమ్మ చంటిపిల్లగా ఉన్నప్పుడు ఎత్తి పట్టుకుని ఆమె పాదం ఆనించారట. అధికారి కాలు చూడడు. ముఖం చూస్తాడు."

కడుపులో నా బిడ్డ కదిలింది. కొట్టులోంచి లేచి పారిపోవాలనిపించింది.

"మరాల్లేటి సేసినారు?" అత్త గొంతు తగ్గించి అడిగింది.

"తొక్కారు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, ఆ నీళ్లే తాగి, క్షమించమని ఏడ్చేవారు." మామ్మ ఆపేసిన పొట్లం మళ్లీ కట్టసాగింది. "అయినా ఎప్పుడో ఒకప్పుడు అయిదిళ్లలో ఎవరో ఒకరు చెప్పేస్తారు. చెడ్డవాళ్లై కాదు. పిల్లలు ఆకలికి ఏడుస్తారు. ఆదివారం పెనాంగ్ స్టీమరు ఉంది, ఈమెను అందులో ఎక్కిస్తాను. అప్పటిదాకా మీలో ఎవరూ నోరు విప్పకూడదు."

అటక మీద ఉన్న ఆవిడ అంతా విన్నట్టుంది. నిచ్చెన సగం దిగి ఏడుస్తూ అంది. "నానే ఆడి కాడికెల్లిపోతానమ్మా. నా మూలంగా పిల్లగుంటల కడుపులు మాడుతన్నాయి."

"ఎక్కు పైకి!" అని అత్త కసిరింది. ఆమె అంత కోపంగా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

తిరుగుదారిలో అత్త నన్నడిగింది. "మనం దాన్ని తెస్తన్నప్పుడు దారిలో ఎవులైనా సూసినారేటే?"

చూశాడు. కట్టెల మోపుతో ఎదురొచ్చిన చివరి గది అతను. ఆ పిల్లల తండ్రి. ఆ మాట చెప్పగానే అత్త నడక వేగం పెంచింది.

శనివారం సాయంత్రం మేస్త్రీ అయిదు గదుల వాళ్లనీ లైను ముందు నిలబెట్టాడు. చెప్పులతోనే మా గదిలోకి వెళ్లి, అలమార మీది బైబిలు తెచ్చి, బోర్లించిన రబ్బరు పాల బకెట్టు మీద పెట్టాడు. మిగతావాళ్ల కోసం పళ్లెంలో కర్పూరం వెలిగించాడు.

"సెయ్యేసి సెప్పు. అదెక్కడుందో నీకు తెలుసా?"

అత్త అరచెయ్యి పూర్తిగా ఆనించింది. "నాకు తెల్దు."

మేస్త్రీ ఆమె చేతిని చూడలేదు. ముఖంలోకి చూస్తున్నాడు. నాకు మామ్మ చెప్పిన అధికారి గుర్తొచ్చాడు.

తర్వాత నా వంతు. "కడుపుతో ఉన్నదానివి. సూసి సెప్పు," అన్నాడు. చెయ్యి పెట్టాను. అట్ట మీద నా చెమట అంటుకుంది. "నాకూ తెల్దు," అన్నాను. పక్కనే ఉన్న మా ఆయన ఏమీ తెలియని ముఖంతో నిలబడి ఉన్నాడు. తెలియకపోవడం ఎంత హాయో అనిపించింది.

చివరి గది అతను కర్పూరం మీద చెయ్యి పట్టాడు. పిల్లల వైపు చూశాడు. మంటకి చెయ్యి కాలుతుందేమో అనుకున్నాను.

"నాను సూణ్నేదు బాబూ," అన్నాడు.

ఆదివారం మేం తోట దాటలేదు. మధ్యాహ్నం నది వైపు నుంచి స్టీమరు కూత వినిపించింది. అత్త బియ్యం లేని చేట ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

సోమవారం చివరి గది అతను మేస్త్రీకి అంతా చెప్పేశాడు. ఆమె వెళ్లిపోయేదాకా ఆగాడో, అప్పటికి ఇక ఆకలికి ఓర్చుకోలేకపోయాడో నాకు తెలియదు. మేం అడగలేదు. అతను మా ముఖాలు చూడలేదు. ఆ పూట వాళ్ల పొయ్యి మీద అన్నం ఉడికిన వాసన వచ్చింది.

మేస్త్రీ మనుషులు మా కుండలూ చాపలూ బయటికి విసిరేశారు. మా ఆయన మూట నెత్తినెత్తుకుని ముందు నడిచాడు. ఊళ్లో మామ్మ కొట్టుకి కూడా వెళ్లి సీసాలు పగలగొట్టారట. వాళ్లు వెళ్లేదాకా ఆమె బల్ల వెనక కదలకుండా కూర్చుందని ఎవరో చెప్పారు. మళ్లీ ఆమెను చూడలేదు. పారిపోయిన ఆవిడ పెనాంగ్‌లో ఒక ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి కుదిరిందని చాలా రోజులకి తెలిసింది.

మేం సుంగై సిపుట్ దగ్గర ఇంకో తోటలో చేరాం. నా కూతురు అక్కడే పుట్టింది. అప్పుడప్పుడూ చర్చి అయ్యగారు వచ్చి ప్రభువు బల్ల పేరిట రొట్టే ద్రాక్షరసమూ ఇచ్చేవారు. రొట్టె తన దాకా వచ్చేలోపు అత్త లేచి బయటికి వెళ్లిపోయేది. ఒకసారి ఆమె వెనకే వెళ్లాను.

"ఆ దీవిలో తొక్కినోల్లని దేవుడు ఒగ్గీనేదు కదత్తా. నిన్నెందుకు ఒగ్గేత్తాడు?"

"ఆల్లు తొక్కి ఏడిసినారు," అంది. "నాకు ఏడుపు రానేదే. రేపు ఆడొచ్చి అడిగితే మల్లీ అలాగే సెయ్యేస్తాను. సెమించమని ఏ మొకంతో అడగనే?"

బతికినన్నాళ్లూ ఆమె బల్ల తీసుకోలేదు. నేను తీసుకుంటూనే వచ్చాను. రొట్టె ముక్క అందుకునే ముందు ప్రతిసారీ, బైబిలు మీద పెట్టిన ఆ చెయ్యి కొంగుకి తుడుచుకునేదాన్ని.