అస్థానిక గర్భం

మొన్న మధ్యాహ్నం భోజనం చేసి వాలుకుర్చీలో వాలానో లేదో ఫోన్ టింగుమంది. ఏదో బీమా కంపెనీ వారి సందేశం, అచ్చంగా తెలుగులో. ఆశిస్తున్న తల్లులకు శుభవార్త అట, గర్భ చిక్కులకూ నష్టానికీ విమర్శనాత్మక అనారోగ్య బీమా అట. యాభై దాటిన మగవాణ్ణి, పైగా బట్టతలవాణ్ణి, నేను ఎప్పుడు ఆశిస్తున్న తల్లినయ్యానో దాన్ని తెలుగు చేసిన యంత్రానికే తెలియాలి. మా ఆవిడకు చదివి వినిపిస్తే, విమర్శించే జబ్బు మీకు పెళ్లినాటి నుంచీ ఉన్నదే కదా, దానికి ఇప్పుడు బీమా ఎవరిస్తారు అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. ప్రాణం మీదికి తెచ్చే జబ్బుకు ఇంగ్లీషువాడు పెట్టిన క్రిటికల్ అన్న మాటకు విమర్శ అనే అర్థం కూడా ఉండబట్టి వచ్చిన తంటా ఇది. నవ్వుకున్నాను గాని మరీ గట్టిగా నవ్వలేకపోయాను, ఎందుకంటే ఒకప్పుడు సరిగ్గా ఇదే అనువాదం పనికి కూర్చుని ఇంతకంటే ఘనమైన తప్పు రాసినవాణ్ణి నేను.

మా తరం వాళ్లకు ఆ రోజుల గురించి చెప్పనక్కర్లేదు. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న కాలం. యూనివర్సిటీలో క్లాసులు జరిగిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. క్యాంపస్‌లో టియర్ గ్యాస్ పేలితే గాలివాటున తార్నాకలోని మా వీధి దాకా వచ్చేది, ఉల్లిపాయలు తరగకుండానే ఇంటింటా కళ్లు కారేవి. మా నాన్న ఉద్యోగరీత్యా కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. నేను తెలుగు శాఖలో ఛందస్సు మీద ఎనిమిదో ఏడు పరిశోధన చేస్తూ ఉండేవాణ్ణి. మా గైడుగారు వరండాలో ఎదురుపడితే ఏ డిపార్ట్‌మెంట్ బాబూ అని ఆప్యాయంగా అడిగేవారు. నా పక్క బల్ల దగ్గర జనగామ వైపు రైతు కుటుంబం నుంచి వచ్చిన మిత్రుడొకడు ఉండేవాడు. పొద్దున లైబ్రరీ, మధ్యాహ్నం ఊరేగింపు, సాయంత్రం మా ఇంట్లో మా అమ్మ చేతి కాఫీ, ఇదీ అతని దినచర్య. రాష్ట్రం విడిపోవాలని అతను, కలిసుంటే ఏం పోయిందని నేను రోజూ వాదించుకునేవాళ్లం, కాఫీ మాత్రం కలిసే తాగేవాళ్లం.

అలాంటి మా ఇద్దరికీ ఒక బీమా ఆఫీసు ఆఫీసరుగారు పన్నెండు పేజీల ఇంగ్లీషు పుస్తకం ఇచ్చి తెలుగు చేయమన్నారు. ఆడవాళ్లకు పెద్ద జబ్బులు వస్తే డబ్బిచ్చే పాలసీ అది. అందులో సగం, గర్భం వచ్చినప్పుడు ఏర్పడే చిక్కుల గురించి, గర్భం దక్కకపోవడం గురించి. అటువాడొకడు, ఇటువాడొకడు ఉంటే అచ్చయ్యాక ఏ మాట మీదా ఎవరూ గొడవ చేయరని ఆయన ముందుచూపు. గొడవంతా అచ్చుకు ముందే అవుతుందని ఊహించినట్టు లేదు. ఇద్దరం పెళ్లికాని వాళ్లం. గర్భం గురించి మాకున్న పరిజ్ఞానం సీమంతం లడ్డూల దగ్గర మొదలై బారసాల భోజనం దగ్గర ముగిసేది.

పైగా మా ఇంట్లో అప్పుడు వదినకు ఆరో నెల. వరండాలో కూర్చుని మొదటి పేజీ పైకి చదివామో లేదో మా అమ్మ గరిటెతో సహా వచ్చి, శుభం పలకరా మంకెన్నా అంటే ఇవేం మాటలర్రా అని మమ్మల్ని మేడ మీదికి తరిమింది. మేడ మీద గట్టిగా చదివితే పక్కింటివాళ్లకు వినిపిస్తుందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఆ నెలలో నన్ను చూడడానికి రావలసిన పెళ్లివారు వీధి మొదట్లో నా గురించి విచారిస్తే, పక్కింటావిడ, అబ్బాయి బుద్ధిమంతుడే గాని రోజంతా మేడెక్కి కడుపులు పోవడం గురించే మాట్లాడుతుంటాడని చెప్పిందట. వాళ్లు అటునుంచి అటే వెళ్లిపోయారు.

ఇక మా మాటల యుద్ధం. నాకు పుస్తకమన్నాక గంభీరంగా ఉండాలి. గర్భవిచ్ఛిత్తి, తీవ్ర రుగ్మత, శస్త్రచికిత్స సంభవించిన యెడల, ఇలా రాసుకుంటూ పోయేవాణ్ణి. అతను ఇది పాలసీయా, రాతిశాసనమా అనేవాడు. కడుపు పోవడం అని రాద్దామంటాడు; మోటుగా ఉందంటాను. ఇద్దరం పట్టిన కుందేళ్లకూ మూడే కాళ్లు. గర్భం సంచిలో కాకుండా పక్కన నాళంలో నిలిచిపోయే ప్రమాదానికి ఏం పేరు పెట్టాలో తేలక మూడు రోజులు నిఘంటువులు తిరగేసి, చివరికి అస్థానిక గర్భం అన్న మాట పట్టుకొచ్చాను. ఉండవలసిన స్థానంలో లేనిదని నా భావం. స్థానికుడెవరు, స్థానికేతరుడెవరు అని ఊరంతా అట్టుడికిపోతున్న రోజుల్లో ఆ మాట నా మిత్రుడి చెవిన ఎలా పడి ఉంటుందో చూసుకోలేదు. కాగితం కింద పెట్టి నా మొహం వంక చూశాడు.

"కడుపుకు గూడ లోకల్, నాన్‌లోకల్ పెట్టినవా భయ్?"

వారం రోజులు మా ఇంటి కాఫీ మానేశాడు. తర్వాత రాజీకొచ్చాం. పుస్తకం ఎవరి కోసమో వాళ్లకే చదివి వినిపించాలి, ఎవరిది అర్థమైతే వాళ్లది నెగ్గినట్టు.

ఒక బంద్ రోజు హాస్టల్ మెస్ మూతపడిందని తెలిసి మిత్రుడి అక్క గోల్నాకలోని అత్తవారింటి నుంచి అంబర్‌పేట్ మీదుగా నడుచుకుంటూ తమ్ముడికి జొన్నరొట్టెలు, పచ్చిపులుసు పట్టుకొచ్చింది. క్యాంపస్ గేటు దగ్గర పోలీసులు పోనివ్వకపోతే, తమ్ముడు ఇక్కడే ఉంటాడని అడ్రసు అడుక్కుంటూ మా ఇంటికొచ్చింది. పెళ్లయి ఏడేళ్లు, పిల్లల్లేరు, మాట తక్కువ మనిషి. మేడ మీద కూర్చోబెట్టి ముందు నేను గొంతు సవరించుకుని నా తెలుగు చదివాను. ఎవరో పూజకు సంకల్పం చెబుతున్నారనుకుని ఆవిడ కొంగు నిండా కప్పుకుని చేతులు జోడించింది. ఏమర్థమైందని అడిగితే మంచిగ చదివిన్రు అని ఊరుకుంది. తర్వాత అతను చదివాడు. కడుపు పిల్లసంచిల నిలవకుండ పక్క నాళంల నిలిచి, అది పగిలి, పానం మీదికొచ్చి ఆపరేషన్ అయితే కంపెనీ పైసలిస్తది.

రొట్టెల మూట విప్పుతున్న ఆవిడ చేయి ఆగిపోయింది. మళ్లీ చదవమంది. చదివాడు.

"గిది నాకైంది తమ్మీ," అంది.

పది నెలల క్రితం కాచిగూడలో ఆవిడకు ఆపరేషన్ అయిన మాట మిత్రుడికి తెలుసు. కొబ్బరిబొండాలు పట్టుకుని చూసి కూడా వచ్చాడు. అపెండిక్స్ అని చెప్పారు, నమ్మాడు. నిజం నలుగురికీ తెలిస్తే దిష్టి అనీ, నామోషీ అనీ అత్తగారు అలా చెప్పించింది. చెప్పించి ఊరుకున్నా బాగుండేది. వీధి అరుగు మీద నలుగురు చేరినప్పుడల్లా, మా కోడలికి ఏడేండ్లాయె, ఒక్కసారన్నా నిలవలే అని ఆవిడే నిట్టూర్చేది. అక్క లోపలి నుంచి వింటూ ఉండేది. అక్క డబ్బు ఎంతిస్తారని అడగలేదు. నా వైపు తిరిగింది.

"పుస్తకంల దాన్ని గూడ గర్భమనే రాసిన్రా?"

గర్భమనే రాశారమ్మా అన్నాను. ఛందస్సు మీద ఎనిమిదేళ్లు పోసిన నాకు ఒక మాట విలువ ఎంతో అప్పుడు తెలిసింది, కళ్లు చెమర్చాయి.

వాళ్లాయన నాచారంలో ఒక మందుల కంపెనీలో పనిచేసేవాడు, ఆ కంపెనీ ఉద్యోగుల భార్యలందరికీ ఇదే పాలసీ తీసుకుంది. ఇంగ్లీషు పుస్తకాన్ని బీరువాలో చీరల కింద పరిచారట. ఏడాదిలోగా అడగాలి, ఇంకా రెండు నెలలుంది. ఆస్పత్రి కాగితాలు మాత్రం అత్తగారి పెట్టెలో, తాళం ఆవిడ బొడ్లో. వాటిని అడగడానికి ఇద్దరం గోల్నాక వెళ్లేటప్పుడు, నీ తెలుగుతోని పని చెడతది, నోరు తెరవకని మిత్రుడు నాతో ఒట్టు వేయించుకున్నాడు. నేను మూడు కప్పుల చాయ్ తాగి బుద్ధిగా కూర్చున్నాను. అత్తగారు గంటసేపు మమ్మల్ని దులిపేసి, కంపెనీవాళ్లు నిజంగా ఇస్తారా అని మేం బయల్దేరేటప్పుడు గుమ్మంలో ఒక్కమాట అడిగింది.

మరుసటి వారం గుడ్డసంచిలో కాగితాలు పెట్టుకుని, కోడలిని వెంటబెట్టుకుని ఆవిడే బీమా ఆఫీసుకొచ్చింది. అక్కడ చిక్కొచ్చి పడింది. అక్క భర్త తన కంపెనీకి పెట్టిన సెలవుచీటీలో అపెండిక్స్ అని ఉంది, ఆస్పత్రి కాగితంలో వేరేలా ఉంది. ఇంటివాళ్లెవరైనా ఏది నిజమో చెప్పాలని ఆఫీసరుగారు మర్యాదగా గొంతు తగ్గించి అడిగారు. హాలు నిండా జనం. అత్తగారు కోడలి వైపు ఒకసారి చూసింది. ఆపైన కూరగాయల బేరంలో వాడే గొంతు తీసింది.

"అపెండిక్స్ అని నేనే జెప్పించిన సారూ, అబద్ధం. మా కోడలు నీళ్లోసుకున్నది, దక్కలే. గట్లనే రాస్కోండ్రి."

ఆఫీసంతా ఇటు తిరిగింది. డబ్బు కోసం చెప్పిందని మిత్రుడు, కాదని నేను, దారి పొడుగునా వాదించుకున్నాం. అక్క మా ముందు నడిచింది, తల వంచుకోకుండా.

డబ్బు వచ్చింది. మా పుస్తకం కూడా అచ్చయింది. నాది అర్థం కాదని, అతనిది మోటుగా ఉందని ఆఫీసరుగారు ఇంగ్లీషు మాటలనే తెలుగు అక్షరాల్లో అచ్చు వేయించారు. పిల్లుల రొట్టె కోతి తిన్నట్టయింది. తర్వాత రాష్ట్రమూ వచ్చింది. మిత్రుడు జనగామలో లెక్చరరయ్యాడు. అతనూ ఇప్పుడు మిస్‌క్యారేజ్ అనే అంటాడు, మా మధ్య పోట్లాడుకోవడానికి ఒక్క మాటా మిగల్లేదు.

అక్కకు మళ్లీ నిలవలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు, వాళ్లింటి పెళ్లిళ్లలో బంతిలో పక్కన కూర్చున్న ఏ పెద్దావిడో పిల్లలెందరమ్మా అని అడిగితే, ఒక్కసారి నిలిచింది, దక్కలే అని నిదానంగా చెప్పి అన్నం కలుపుకునేది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె మొహం చూసినవాణ్ణి గనుక చెబుతున్నాను, అందులో బాధ ఉండేది, కొంచెం గర్వమూ ఉండేది. ఇప్పుడు రోజులు మారాయి. ఎవరినీ పిల్లల గురించి అడగకూడదట. నేను అడగబోతే మా అమ్మాయే మోచేత్తో పొడుస్తుంది. మంచి మర్యాదే, ఎంతమందికో ఏడుపు తప్పింది. కిందటి మాఘంలో ఒక పెళ్లికి అక్క వచ్చింది. బంతి మొదలై ముగిసేదాకా ఆమెనెవరూ ఏమీ అడగలేదు. చేయి కడుక్కుని, తాంబూలం తీసుకుని, ఆ మాట చెప్పకుండానే ఇంటికి వెళ్లిపోయింది.