దాచిన నెత్తురు

కొత్తగూడలో గొర్లు కాసే బీరయ్య నడుస్తున్నంతసేపూ ఎడమచేత్తో నడుం పక్కను పట్టుకునే ఉంటాడు. రజాకార్ల గడబిడ సద్దుమణిగాక పట్నం దవాఖానలో గడ్డ లేచిన మూత్రపిండాన్ని తీసేసిన చోటు అది. నార్సింగి కొమరయ్యకూ అదే జబ్బు, కోసిందీ అదే డాక్టరు. అతను ఏడాది తిరక్కముందే పోయాడు. అప్పటినుంచి బీరయ్య మందను నార్సింగి వైపు తోలడం లేదు. ఎవరైనా "గట్టి పాణం నీది" అంటే తల దించుకుంటాడు.

ఒకనాడు కొమరయ్య భార్య సాయవ్వే బీరయ్య ఇంటిని వెతుక్కుంటూ వచ్చింది.

"తమ్మీ, ఇద్దర్నీ ఒక్క డాక్టరే కోసె. నువ్వెట్ల బతికినవ్?"

బీరయ్య నేలకేసి చూశాడు. "నాది జల్ది దొరికిందక్కా. ఒంటికి పోతే నెత్తురు పడుడు మా ఇంటామె రుక్కమ్మ చూసి, కొట్లాడి తోల్కపోయింది. అన్నకు అప్పటికే గడ్డ గుర్దా దాటి పాకిందన్నడు డాక్టరు."

"ఆయన బండల చాటుకు పోతుండె. నేను చూడనే లేదు!" సాయవ్వ అరుగు మీద కూలబడింది.

ఆ తప్పు ఆమె నెత్తిన పడటం బీరయ్య చూడలేకపోయాడు.

"చూసినా చెప్పకపోతుండెనేమో అక్కా. నేను గూడ సిగ్గుకు నెలలు దాచిన. రుక్కమ్మకు దొరికిపోయిన, గంతే."

గడపలో నిలబడ్డ రుక్కమ్మ అతను నెలలు దాచిన సంగతి వినడం అదే మొదలు.