తెగిన పోగులు

ఎమ్మిగనూరులో వీరభద్రప్ప మగ్గం వీధి మొదట్లోనే ఉంటుంది. అందుకే పార్లమెంటు ఎన్నికలు వచ్చినప్పుడల్లా అభ్యర్థులు ఫొటో కోసం అందులోనే కూర్చుంటారు. కిందటిసారి ఒకాయన బూట్లతోనే మగ్గం గుంటలో దిగి, పేక నూలు చుట్టిన నాడె విసిరి, ముప్పై పడుగు పోగులు తెంచాడు. అతకడానికి ఒక పూట పట్టింది.

ఈసారి వచ్చినాయన బూట్లు విప్పి, మగ్గానికి దండం పెట్టి దిగాడు. వీరభద్రప్పకు ఆశ పుట్టింది. పన్నెండు పోగులే తెగాయి.

“గెలిస్తే నేతన్నల బతుకులే మారుస్తానప్పా!” అన్నాడాయన.

“అంత దూరం వద్దన్నా. తెంచిన పోగులు అతికి పో, నా ఓటు నీకే.”

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, బూట్లు తొడుక్కుని వెళ్లిపోయాడు.

పోలింగు రోజు భార్య పద్మ అడిగింది. “ఎవరికేసినావు?”

“ఎవరూ వద్దనే బటన్ నొక్కినా. మన పోగు ఒక్కటీ తెంచనిది అదొక్కటే.”