తెల్లగా వచ్చిన సంపాదకీయం

తాలూకాఫీసు గుమస్తా రాజమల్లు సాయంత్రం జలాల్ హోటల్లో కూర్చోగానే పంచె అంచుతో కళ్లద్దాలు తుడుచుకుంటాడు. దేశమంతా చదివే ఓ ఇంగ్లీషు దినపత్రికను నాలుగు మడతలు పెట్టి, సంపాదకీయం మీద వేలు ఆనించి, ఒక్కో వాక్యాన్నీ తెలుగులో చెబుతాడు. మిల్లు కార్మికులు చాయ్ ఊదుకుంటూ వింటారు. పత్రిక ప్రభుత్వాన్ని తప్పుపట్టిన చోట అతని గొంతు కాస్త పెరుగుతుంది.

ఎమర్జెన్సీ వచ్చిన వారంలోనే ఒకరోజు, సంపాదకీయం ఉండాల్సిన చోటంతా తెల్లగా ఉంది.

“అచ్చు పడలేదా సార్? ఏజెంటుకు వాపస్ ఇద్దాం,” అన్నాడు జలాల్.

“అచ్చు తప్పు కాదు భాయ్. సర్కారు రాయనియ్యలే.”

“జర మెల్లగ! మూలకు కూసున్నాయన పోలీసోళ్ల మనిషంటాండ్రు. నీ నౌకరి పోతది. ఇయ్యాలటికి సినిమా పేజీ చదువు,” అన్నాడు జలాల్.

రాజమల్లు మూలకు చూశాడు. కళ్లద్దాలు తీసి మళ్లీ తుడుచుకున్నాడు.

“చదువుతవా, మమ్ముల పొమ్మంటవా సారూ?” అని నవ్వాడు మిల్లు కొమురెల్లి.

“చదువుతాన్న. ఇను.”

వేలు ఆ తెల్లటి చోట పైనుంచి కిందికి, రోజూ కదిలినంత నెమ్మదిగానే కదలసాగింది. నోటి వెంట ఒక్క మాట రాలేదు. కొమురెల్లి నవ్వు ఆగిపోయింది. జలాల్ లేచి, గల్లా మీద మోగుతున్న రేడియోను పాట మధ్యలోనే కట్టేశాడు.