బొమ్మల పుస్తకంలో మేక తోక

మా మేనకోడలి నర్సరీ బడిని కడిగేస్తూ రాద్దామని కూర్చున్నాను. కానీ ముందు మంచి కబురు చెప్పాలి.

నా చెల్లెలి కూతురు గౌరికి నాలుగేళ్లు. ఇంగ్లీషు బడిలో వేసినప్పటి నుంచి ఇంట్లో కూడా నోరు విప్పడం లేదు. తెలుగు పలికితే నోటి మీద వేలు పెట్టుకొని నిలబడాలట! పిల్లకు అమ్మ భాషే నేరమని నేర్పి, చివరికి "మీ పాపకు మాటలు రావు, డాక్టరుకు చూపించండి" అన్నారు. బడి మీద ఎంత అరిచినా, లోపల నాకూ భయంగానే ఉండింది.

ఈ సాయంత్రం గౌరిని ఒళ్లో కూర్చోబెట్టుకొని బొమ్మల పుస్తకం తెరిచాను. "ఇదేమి? అదేమి?" అని అడిగితే పలకలేదు. ఇదీ పరీక్షే అనుకుందేమో. అడగడం మానేసి నేనే చదువుతూ పోయాను. "మేక గడ్డి మేస్తోంది."

"మేక కాదు మామా, గొర్రె."

గౌరి పలికింది! అయినా వాదించే నోరు ఊరుకుంటుందా? "ఈడ మేక అనే రాసినారు కదమ్మా!"

"రాసినోళ్లకి తెల్దు. తోక సూడు, కిందికి యాలాడతాండాది. మేకదైతే పైకుంటాది!"

వంటింట్లోంచి చెల్లెలు పరుగెత్తుకొచ్చింది. "అన్నా, మాట్లాడిందా?"

"మాట్లాడేదేంది, నాతో కొట్లాడతాంది!"

ఇన్నేళ్లలో ఎందరితోనో వాదించాను. ఓడిపోయి ఇంత హాయిగా ఊపిరి పీల్చుకున్నది ఈ రోజే.

రేపు బడికి ఎవరు వెళ్లాలో మీరే చెప్పండి. నేను వెళ్తే గొడవవుతుంది. గౌరినే మాట్లాడమందామా?